అడగని పాట: వయసుతో పాటు మన చెవి ఎలా మారుతుంది?

[తెరపై: పాత క్యాసెట్. దాని చక్రంలో పెన్సిల్ పెట్టి తిప్పుతున్న వేళ్లు. వేలాడుతున్న టేపు మెల్లగా లోపలికి వెళ్తుంది.]

నేను పదో తరగతి చదివే రోజుల్లో మా ఊరి బస్టాండు పక్కన ఒక క్యాసెట్ల కొట్టు ఉండేది. కావలసిన పాటల జాబితా కాగితం మీద రాసిస్తే, ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి రెండు రోజుల తర్వాత ఇచ్చేవారు. 60 నిమిషాల క్యాసెట్ అంటే సైడుకు 30 నిమిషాలు. నాలుగున్నర నిమిషాల పాటలు ఆరు పడతాయి. ఇంకో మూడు నిమిషాల టేపు మిగులుతుంది. ఆ మిగిలిన చోటును కొట్టాయన ఖాళీగా వదిలేవాడు కాదు. తనకు నచ్చిన పాట ఒకటి మొదలుపెట్టి, టేపు ఎక్కడ అయిపోతే అక్కడ ఆపేసేవాడు. దానికి డబ్బులు తీసుకునేవాడు కాదు. అది ఆయన కానుక.

అలా నా క్యాసెట్ బి సైడు చివర నేను అడగని పాట ఒకటి వచ్చి కూర్చుంది. మా నాన్నగారి కాలం నాటి పాట. నెమ్మదిగా నడుస్తుంది. తబలా తప్ప పెద్ద దరువు లేదు. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు మండింది. కానీ మా టేపు రికార్డరులో ఫార్వర్డ్ మీట నొక్కితే టేపు చిక్కుకుపోయేది. బి సైడు పూర్తిగా తిరిగితేనే క్యాసెట్ తిప్పి ఎ సైడు మొదటి నుంచి పెట్టుకోగలం. అంటే ఆ పాట వినక తప్పదు, రోజుకు రెండుసార్లు.

ఒక నెల గడిచింది. ఒక రోజు పొద్దున్నే నూతి దగ్గర నీళ్లు తోడుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. ఏమిటా అని చూసుకుంటే అదే పాట!

పాట మారలేదు. నెల రోజుల్లో నాకు జ్ఞానోదయమూ కాలేదు. మరి ఏం జరిగింది?

[తెరపై శీర్షిక: అడగని పాట]

మన ఇళ్లలో పెద్దలు తరచూ అనే మాట ఒకటి ఉంది. "వయసు వస్తే నీకే తెలుస్తుంది, మంచి పాటంటే ఏమిటో." అంటే అభిరుచి గడ్డిలో పెట్టిన మామిడికాయ లాంటిదని, కొన్నాళ్లకు దానంతటదే పండుతుందని వారి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. నా లెక్కలో అభిరుచిని మార్చేది వయసు కన్నా, ఆ వయసులో మనం ఒక పాటను ఎన్నిసార్లు, ఎవరి పక్కన కూర్చుని విన్నాం అన్నది. ఎందుకు అంటున్నానో చెబుతాను. అందుకు ఉయ్యాల దగ్గర మొదలుపెట్టాలి.

[తెరపై: చీర ఉయ్యాల. పక్కన తాళం వేస్తున్న చెయ్యి, ఏడు మాత్రలు.]

2005లో ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ అనే ఇద్దరు పరిశోధకులు పసిపిల్లలకు బాల్కన్ ప్రాంతపు జానపద సంగీతం వినిపించారు. అందులో తాళం సమంగా ఉండదు, మన కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళంలో ఏడు మాత్రలు మూడూ నాలుగుగా విడిపోయినట్టు విరుగుతుంది. ఆరు నెలల ఉత్తర అమెరికా పిల్లలు ఆ తాళం తప్పితే గుర్తుపట్టారు. ఏడాది నిండిన పిల్లలు మాత్రం గుర్తుపట్టలేకపోయారు. అప్పటికే వారి చెవి ఇంట్లో వినే సంగీతానికి అలవాటు పడిపోయింది. ఆ ఏడాది పిల్లలకే కొద్ది రోజులు ఆ సంగీతం వినిపిస్తే మళ్లీ పట్టుకోగలిగారు. పెద్దవాళ్లకు అదే పని చేస్తే అంత ఫలితం రాలేదు.

అంటే మనం పుట్టినప్పుడు చెవి అన్ని తలుపులూ తెరిచే ఉంచుతుంది. ఇంట్లో ఏది మోగితే ఆ తలుపు తెరిచే ఉంటుంది, మిగిలినవి మెల్లగా మూసుకుంటాయి. "మా వాడికి సంగీతం రక్తంలోనే ఉంది" అని మురిసిపోయే ముందు, వాడి మొదటి ఏడాదిలో ఇంట్లో రేడియో ఎంతసేపు మోగిందో కూడా అడగాలి.

ఇక అసలు రంగానికి వద్దాం. పద్నాలుగేళ్ల వయసు.

[తెరపై: సంక్రాంతి రోజు ఇంటి అరుగు. మూడు తరాల మనుషులు, మధ్యలో అరిసెల పళ్లెం.]

మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ తప్పనిసరిగా జరిగే కార్యక్రమాల్లో ఒకటి పాటల మీద తగువు. మా నాన్నగారు 1951లో పుట్టారు. ఆయనకు ఘంటసాల తర్వాత గాయకుడే లేడు. మా చిన్న మేనమామ 1962లో పుట్టాడు. ఇళయరాజా పేరు ఎత్తితే అన్నం మానేసి మాట్లాడతాడు. నేను 1978. నా సంగతి కాసేపట్లో మీకే అర్థమవుతుంది. ముగ్గురమూ చెప్పేది ఒకటే మాట: "మా రోజుల్లో పాటలు పాటల్లా ఉండేవి."

ఇప్పుడు ప్రతి పుట్టిన ఏడాదికీ పద్నాలుగు కలపండి.

[తెరపై: 1951 + 14 = 1965. 1962 + 14 = 1976. 1978 + 14 = 1992.]

1965లో ఘంటసాల మంచి ఊపు మీద ఉన్నారు. 1976లో ఇళయరాజా తమిళంలో తన మొదటి సినిమా చేశారు. ఆయన తెలుగులో నిలదొక్కుకునే నాటికి మా మామయ్యకు ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. 1992లో ఎ.ఆర్. రెహమాన్ తొలి సినిమా పాటలు వచ్చాయి. అరుగు మీద తగువులో రాగాల గురించీ, సాహిత్యం గురించీ గంటల తరబడి వాదించుకుంటాం కానీ, తీర్పు మాత్రం జనన ధ్రువీకరణ పత్రంలో ఎప్పుడో రాసేసి ఉంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2018లో న్యూయార్క్ టైమ్స్‌లో సేత్ స్టీఫెన్స్ డేవిడోవిట్జ్ అనే రచయిత, పాటలు వినే యాప్ స్పాటిఫై లెక్కలు తీసి చూపించాడు. పెద్దయ్యాక మగవాళ్లు ఇష్టంగా వినే పాటలు సగటున వారి 14వ ఏట వచ్చినవి. ఆడవాళ్ల విషయంలో 13వ ఏట వచ్చినవి. అంతకు చాలా ముందు, 1989లో, హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు 16 నుంచి 86 ఏళ్ల వారిని కూర్చోబెట్టి పాత పాటలకు మార్కులు వేయించారు. అక్కడ శిఖరం దాదాపు 24 ఏళ్ల దగ్గర వచ్చింది. పద్నాలుగా, ఇరవై నాలుగా అన్న తేడాతో నాకు పేచీ లేదు. రెండూ ముప్పైకి ఇవతలే ఉన్నాయి.

ఆ వయసుకే ఎందుకంత పట్టు? శరీరంలో హార్మోన్ల హడావిడి ఒక కారణం. జీవితంలో మొదటిసారి జరిగే సంగతులన్నీ అప్పుడే జరగడం మరొకటి. మనస్తత్వ శాస్త్రంలో కూడా ఇది తెలిసిన విషయమే. ముసలితనంలో మనుషులను జ్ఞాపకాలు చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య సంగతులే ఎక్కువ చెబుతారు. వీటితో పాటు ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తీరిక. పదో తరగతి సెలవుల్లో ఒకే క్యాసెట్‌ను యాభైసార్లు వినగలిగే తీరిక మళ్లీ మనకు ఎప్పుడు దొరికింది?

ఇక్కడే కొట్టాయన పాట దగ్గరికి మళ్లీ వస్తాను.

[తెరపై: తిరుగుతున్న క్యాసెట్ చక్రాలు, దగ్గరగా.]

1968లో రాబర్ట్ జాయన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అర్థం లేని మాటలనూ, చైనా లిపిలా కనిపించే అక్షరాలనూ, తెలియని మనుషుల ఫొటోలనూ జనానికి చూపించాడు. కొన్నింటిని ఒక్కసారే, కొన్నింటిని ఇరవై అయిదుసార్లు. ఎక్కువసార్లు చూసినవే ఎక్కువ నచ్చాయి. కారణం ఏమీ లేదు. పరిచయమే కారణం.

పాట విషయంలో పరిచయం ఇంకో మెలిక కూడా తిప్పుతుంది. 2011లో మాంట్రియల్‌లో వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం మనుషులకు వారికి ఒళ్లు పులకరింపజేసే పాటలే వినిపిస్తూ మెదడును పరిశీలించింది. పాటలో ఆ పులకింత చోటు వచ్చినప్పుడు మెదడులో ఆనందంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం విడుదలైంది. అది ఊహించిందే. అయితే ఆ చోటు రాకముందు, "ఇదిగో వస్తోంది" అని ఎదురుచూసే క్షణాల్లోనూ మెదడులో వేరే భాగంలో విడుదలైంది. చరణం అయిపోయి పల్లవిలోకి దూకే ముందు మన తల దానంతటదే ఊగడం మొదలుపెడుతుంది, గమనించారా? తర్వాత ఏం వస్తుందో తెలిసిన పాటలోనే ఆ ఎదురుచూపు ఉంటుంది. కొత్త పాటకు ఆ అవకాశం లేదు. పదిసార్లు వింటే గానీ రాదు.

అలాగని ఏ పాటనైనా వందసార్లు మోగిస్తే నచ్చేస్తుందా? నచ్చదు. దీనికి మన దేశమే పెద్ద ప్రయోగశాల.

[తెరపై: వాల్వు రేడియో. ముల్లు నెమ్మదిగా ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు జరుగుతుంది.]

1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. జనం అభిరుచిని శాస్త్రీయ సంగీతంతో బాగుచేయాలని ఆకాశవాణిలో సినిమా పాటలకు కళ్లెం వేశారు. జనం ఏం చేశారు? రేడియో ముల్లు తిప్పి, సినిమా పాటలు వేసే సిలోన్ (ఇప్పటి శ్రీలంక) రేడియో పెట్టుకున్నారు. మా తాతగారి ఇంట్లో కూడా పెట్టె మీద సిలోన్ దగ్గర సున్నంతో గీత గీసి ఉండేది. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణే సినిమా పాటలు వినిపించే వివిధభారతి మొదలుపెట్టింది. అభిరుచి విషయంలో ఇంత మర్యాదగా ఓడిపోయిన ప్రభుత్వాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

కొట్టాయన గెలిచిన చోట మంత్రిగారు ఎందుకు ఓడిపోయారు? మంత్రిగారి శ్రోతకు తిప్పడానికి ముల్లు ఉంది. నాకు లేదు, నా ఫార్వర్డ్ మీట పాడైంది. పైగా నాకు ఆ పాట మీద చిరాకే తప్ప అసహ్యం లేదు. మొదట్లోనే అసహ్యం పుట్టినదాన్ని మళ్లీ మళ్లీ రుద్దితే అసహ్యమే పెరుగుతుంది. ఇంకో సంగతి, కొట్టాయన నన్ను బాగుచేయాలని అనుకోలేదు.

ఇప్పుడు ముప్పై దాటిన వారి దగ్గరికి వద్దాం. "ఈ మధ్య పాటలు ఒక్కటీ గుర్తుండటం లేదు" అని వారి ఫిర్యాదు. నిజమే, గుర్తుండవు. ఉద్యోగం, పిల్లల బడి, ఇంటి వాయిదాలు. 2013లో రెండున్నర లక్షల మందికి పైగా జనం సమాధానాలతో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. వయసు పెరిగే కొద్దీ సంగీతం వినే సమయమూ, దానికిచ్చే ప్రాధాన్యమూ తగ్గుతాయని అందులో తేలింది. కుర్రతనంలో హోరెత్తించే సంగీతం, తర్వాత అప్పటి ట్రెండు పాటలు, నడివయసులో శాస్త్రీయం, జానపదం వైపు మొగ్గు. ఇది పాశ్చాత్య దేశాల లెక్క. మన దగ్గర సినిమా అన్నింటినీ తనలో కలుపుకున్న మహానది కాబట్టి ఇంత చక్కగా విడదీయలేం. అయినా నలభై దాటాక కారులో అన్నమయ్య కీర్తనలు మొదలయ్యే ఇళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ తగ్గిన సమయంలో చేతికి ఫోను వచ్చింది. నచ్చకపోతే వేలితో ఒక్క తోపు, తర్వాతి పాట. స్పాటిఫైలో 30 సెకన్లు మోగితేనే పాట విన్నట్టు లెక్క. అమెరికాలో 1986 నుంచి 2015 వరకు టాప్ టెన్‌లోకి వచ్చిన పాటలను ఒక పరిశోధకుడు కొలిచాడు. గొంతు మొదలయ్యే ముందు వాయించే భాగం అప్పట్లో 20 సెకన్లకు పైగా ఉండేది. అది అయిదు సెకన్లకు దిగిపోయింది. వయొలిన్లు, వేణువు, మళ్లీ వయొలిన్లు అన్నీ అయ్యాక గొంతు విప్పే ఇళయరాజా పాట ఈ రోజు కొత్తగా వస్తే, మా మామయ్యే పల్లవి దాకా ఆగేవాడో లేదో. తగువు పెట్టుకోకుండా నెమ్మదిగా అడగాలి.

ఇంకో మాట, న్యాయంగా. పాత కాలంలోనూ చెత్త పాటలు కుప్పలుగా వచ్చాయి. వాటిని ఎవరూ దాచుకోలేదు, అందుకే మనకు కనబడవు.

వృద్ధాప్యంలో చెవి కూడా తన వంతు ఆట ఆడుతుంది. ముందుగా పోయేది పై స్థాయి ధ్వనులను వినే శక్తి. హల్లుల స్పష్టత చాలావరకు అక్కడే ఉంటుంది. డ్రమ్ముల హోరులో మాటను విడదీసి వినడం వారికి కష్టం. "ఒక్క ముక్కా అర్థం కావడం లేదు, ఇదేం పాట" అని పెద్దాయన విసుక్కుంటే కొంత తప్పు పాటది, కొంత ఆయన చెవిది. ఆ సంగతి ఆయనకు చెప్పకపోవడమే మంచిది.

[తెరపై: మంచం మీద తాత, ఒడిలో మనవడు, మధ్యలో ఫోను వెలుగు.]

ఇంతా చెప్పాక మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఘంటసాల తప్ప గాయకుడే లేడన్న మనిషి. డెబ్బై దాటాక మనవడికి అన్నం తినిపించే పని ఆయన మీద పడింది. వాడు ఒక్కటే పాట పెట్టమంటాడు, ఈ మధ్య వచ్చిన మాస్ పాట. ఆపితే ముద్ద మింగడు. పూటకు నాలుగుసార్లు, మూడు నెలలు. ఆయనకు తిప్పడానికి ముల్లు లేదు, తోయడానికి వేలూ లేదు. ఫోను వాడి చేతిలో ఉంది. మొన్న ఉగాది నాడు పూజ గదిలో సామాను సర్దుతూ ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నారు. నేను గుమ్మంలో ఆగి విన్నాను. అదే పాట! నన్ను చూసి ఆపేసి, గొంతు సవరించుకుని, "ఒత్తి ఎక్కడ పెట్టావు?" అన్నారు.

[తెరపై: మళ్లీ అదే క్యాసెట్. బి సైడు.]

ఆ కొట్టాయన పాట పేరు చెప్పను. ఇప్పుడది ఫోనులో పూర్తిగా దొరుకుతుంది. 78 ఆర్‌పీఎం రికార్డుల కాలపు పాట, ఆ రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు కాస్త దాటేంతే పట్టేది కాబట్టి పాట కూడా అంతే. నా టేపులో పట్టింది మూడే నిమిషాలు. రెండో చరణం చివరి మాట దగ్గర టక్కుమని మీట పైకి లేచేది. ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పటికీ ఆ మాట దగ్గరికి రాగానే నా చెవి ఆ టక్కు కోసం ఎదురుచూస్తుంది. అది రాదు. పాట సాగిపోతుంది, ఇంకోసారి పల్లవి పాడతారు. ఆ చివరి పల్లవి నాకు ఇంకా కొత్తగానే ఉంది.