ఏడో ఏట పొలానికి విరామం

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ప్రకృతి గురించి యూదు మతం ఏం చెబుతుందని అడిగితే మీరు నేరుగా సాగు చట్టాల దగ్గరికి వెళ్తారెందుకు?

అతిథి: నమస్కారం. మంచి మాటలు అన్ని మతాల్లోనూ ఉన్నాయండీ, రైతు గాదె దాకా వచ్చే నియమాలు అరుదు. ఇశ్రాయేలు దేశంలో ఆరేళ్లు సాగు చేసిన యూదు రైతు ఏడో ఏడు పొలాన్ని పడావు పెట్టాలి. దున్నకూడదు, విత్తకూడదు, ద్రాక్షతీగలు కత్తిరించకూడదు, చెట్టు చచ్చిపోయేలా ఉంటే మాత్రం నీళ్లు పెట్టవచ్చు. దీన్ని షెమిటా అంటారు. ఆ ఏడు కాసిన పండ్లు రైతు సొత్తు కావు, పేదలూ అడవి జంతువులూ వచ్చి తినవచ్చు. భూమి తనదనీ, మనుషులు తన దగ్గర ఉంటున్న పరదేశులనీ యూదుల పవిత్ర గ్రంథంలోని లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు అంటాడు.

వ్యాఖ్యాత: భూసారం పెరగడానికి పెట్టిన ఏర్పాటేనా?

అతిథి: 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ ఆ కారణం కూడా చెప్పాడు. కానీ సారమే లక్ష్యమైతే పొలాలను వంతులవారీగా ఆపితే సరిపోయేది, దేశమంతటా ఒకేసారి సాగు మానిపించి, పైగా అప్పులు కూడా రద్దు చేయించాల్సిన అవసరమేముంది? నిల్వల నియమం చూడండి. ఒక రకం పండు పొలాల్లో జంతువులకు దొరక్కుండా అయిపోయాక, ఇంట్లో దాచుకున్నదాన్ని కూడా బయటికి తెచ్చి, ఎవరైనా తీసుకోవచ్చని ప్రకటించాలి. తినదగ్గ తొక్కలను సైతం చెత్తలో వేయకుండా, అవి కుళ్లేదాకా విడిగా ఒక డబ్బాలో ఉంచే కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

వ్యాఖ్యాత: మరి రైతు ఏం తిని బతకాలండీ?

అతిథి: అసలు చిక్కంతా అక్కడే. 1889లో, ఒట్టోమన్ పాలనలోని కొత్త యూదు పల్లెలు ఆకలికి భయపడినప్పుడు, భూమిని తాత్కాలికంగా యూదేతరులకు అమ్మి సాగు కొనసాగించవచ్చని కొందరు రబ్బీలు, అంటే యూదు మతగురువులు, అనుమతించారు. జెరూసలేం రబ్బీల్లో చాలామంది ఒప్పుకోలేదు. ఆ వాదం 2021-22 షెమిటాలోనూ నడిచింది, 2028లో మొదలయ్యే తర్వాతి షెమిటాలోనూ తప్పదనుకుంటాను.

వ్యాఖ్యాత: మీరు ఎటువైపు?

అతిథి: ఆకలితో ఉన్నవాళ్లకు దారి చూపిన రబ్బీలను నేను తప్పుపట్టను. అయితే కాగితం మీద అమ్మకం జరిగాక పొలంలో ఏ మార్పూ కనబడదు. అందుకే మత న్యాయస్థానం తోటల పంటను తన అధీనంలోకి తీసుకునే పాత పద్ధతి నాకు నచ్చుతుంది: రైతుకు కోత కూలి దక్కుతుంది, కొనేవాళ్లు ఆ కూలీ రవాణా ఖర్చులూ మాత్రమే ఇస్తారు, పండుకు ధర ఉండదు.