బ్యాంకు కోసిన డబ్బు వెనక్కి అడగడం

అందరికీ నమస్కారం.

బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషినని తెలిసి, ఊళ్లోవాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ఎక్కువమంది చెప్పేది ఒకే మాట. "సార్, ఖాతాలో డబ్బు కట్ అయింది. బ్రాంచిలో అడిగితే సిస్టమే కట్ చేసింది, మా చేతిలో లేదు అంటున్నారు." సిస్టమ్‌కి ఆ రేటు పెట్టింది బ్యాంకే. అది కోసినదాన్ని వెనక్కి వేసే అధికారం కూడా బ్యాంకుకే ఉంది. అందుకే ఆ డబ్బు ఎప్పుడు వెనక్కి వస్తుంది, ఎప్పుడు రాదు, అడిగేటప్పుడు ఏ మాట పట్టుకోవాలి అన్న సంగతులు ఈ రోజు మాట్లాడుకుందాం. ఏ మాట పట్టుకోవాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. న్యాయం తమవైపు ఉన్నా, తప్పు వాదన పెట్టి ఓడిపోయినవాళ్లు చాలామంది.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఉద్యోగం. కంపెనీ ఒక ప్రైవేటు బ్యాంకులో జీతం ఖాతా తెరిపించింది. ఉద్యోగం మారాడు, కొత్త కంపెనీ వేరే బ్యాంకు. పాత ఖాతాలో కొద్దిగా డబ్బు ఉంచి మర్చిపోయాడు. జీతం ఖాతాకు మినిమం బ్యాలెన్స్ అక్కర్లేదు కదా అని ధీమా. కానీ కొన్ని నెలలు వరసగా జీతం పడకపోతే చాలా బ్యాంకులు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేస్తాయి. అప్పటి నుంచి మినిమం బ్యాలెన్స్ లేదని నెలనెలా ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. ఉన్న డబ్బు అయిపోయింది. తర్వాత ఎవరో పొరపాటున ఆ పాత నంబరుకే డబ్బు పంపితే, వచ్చింది వచ్చినట్టే మాయమైంది. అప్పుడు తెలిసింది అతనికి.

ఇక్కడ రిజర్వు బ్యాంకు నిబంధన ఏమిటో చూడండి. 2014 నవంబరులో ఇచ్చిన ఆదేశం ఇది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సేవింగ్స్ ఖాతాలో మినిమం బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకు ముందుగా ఖాతాదారుకు ఎస్ఎంఎస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా స్పష్టంగా చెప్పాలి. ఒక నెలలోగా ఆ లోటు పూడ్చకపోతే ఛార్జీ పడుతుందని హెచ్చరించాలి. ఆ తర్వాతే కోయాలి. కోసేది కూడా లోటు ఎంత ఉందో దాని మీద ఒక శాతంగా ఉండాలి, ఆ సేవకు బ్యాంకుకు అయ్యే ఖర్చుకు పొంతన లేకుండా ఉండకూడదు. ఇంకో ముఖ్యమైన మాట, కేవలం ఈ ఛార్జీ వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. వాడకంలో లేక ఇనాపరేటివ్ అయిన ఖాతాల్లో అసలు ఈ ఛార్జీ వేయకూడదని అదే ఏడాది మరో ఆదేశం ఉంది.

మైనస్ విషయంలో చాలామంది పడే అవస్థ ఒకటుంది. పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ సున్నా అని ఉంటుంది. యాప్‌లో చూస్తే హోల్డ్ అనో లియన్ అనో ఒక అంకె కనిపిస్తుంది. అంటే రావాల్సిన ఛార్జీని పక్కన రాసిపెట్టుకుని, డబ్బు పడిన రోజున లాగేస్తారు. ఖాతా మైనస్‌లోకి పోలేదు కాబట్టి నిబంధన పాటించాం అంటారు. నా అభిప్రాయంలో ఇది నిబంధన అక్షరాన్ని ఉంచి ప్రాణం తీసేయడమే. గ్యాస్ సబ్సిడీ, పింఛను, ఉపాధి హామీ కూలి పడే ఖాతాలో ఇలా జరిగితే ఆ ఇంటికి అది నెల సరుకుల డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పథకాల డబ్బును బ్యాంకులు పాత బాకీలకు జమ వేసుకోకుండా అన్‌ఇన్‌కంబర్డ్ ఖాతాల్లో వేయాల్సి వచ్చిందంటే ఈ భయం ఎంత నిజమో అర్థమవుతుంది.

మినిమం బ్యాలెన్స్ లెక్క గురించి కూడా చెప్పాలి. చాలా బ్యాంకుల్లో చూసేది నెల సగటు. ప్రతిరోజూ సాయంత్రం ఖాతాలో మిగిలిన మొత్తాలు కూడి, నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో భాగిస్తారు. సగటు 5,000 ఉండాలంటే 30 రోజుల నెలలో రోజుకు 5,000 ఉంచినా ఒకటే, ఒక్క రోజు లక్షా యాభై వేలు ఉంచి మిగతా రోజులు ఖాళీగా పెట్టినా ఒకటే. కాబట్టి ఒక రోజు బ్యాలెన్స్ తగ్గిందని కంగారు పడక్కర్లేదు. బ్యాంకు ఛార్జీ వేసిన నెలకు స్టేట్‌మెంట్ తీసి మీరే సగటు కట్టి చూడండి. లెక్క తప్పితే అంతకంటే గట్టి ఫిర్యాదు ఉండదు.

ఇప్పుడు కాసేపు బ్రిటన్ సంగతి. బ్యాంకు ఛార్జీలు వెనక్కి ఇమ్మని జనం ఇంత పెద్ద ఎత్తున అడిగిన ఉదాహరణ నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. అక్కడ ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ ఖర్చయితే, ముందుగా అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్ట్ కింద ఒక్కోసారి 30 పౌండ్లకు పైగా కోసేవారు. 2006లో ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ అనే వినియోగదారుల రక్షణ సంస్థ, క్రెడిట్ కార్డుల మీద 12 పౌండ్లు దాటిన డీఫాల్ట్ ఛార్జీలను, అంటే గడువు లేదా పరిమితి తప్పినందుకు వేసేవాటిని, అన్యాయమైనవిగానే భావిస్తామని చెప్పింది. మరి కరెంట్ ఖాతాల (అక్కడ మామూలు జనం రోజూ వాడే ఖాతాలివే) సంగతేమిటని జనం అడగడం మొదలుపెట్టారు. గత ఆరేళ్ల స్టేట్‌మెంట్లు తెప్పించుకుని, ఛార్జీలు కూడి, ఉత్తరం రాసి, చిన్న కోర్టుల్లో కేసులు వేశారు. చాలా బ్యాంకులు విచారణ దాకా రాకుండానే డబ్బు ఇచ్చి సర్దుకున్నాయి. అప్పుడు అందరూ గెలిచేశామనే అనుకున్నారు.

2007 జులైలో ఏడు బ్యాంకులు, ఒక బిల్డింగ్ సొసైటీ (సభ్యుల సొంతమైన, ఇళ్ల అప్పులిచ్చే సంస్థ) మీద ఆ ఫెయిర్ ట్రేడింగ్ సంస్థ ఒక పరీక్ష కేసు, అంటే మిగతా కేసులకు దారి చూపే కేసు, మొదలుపెట్టింది. మిగతా కేసులన్నీ అక్కడే ఆగిపోయాయి. హైకోర్టులో, అప్పీలు కోర్టులో బ్యాంకులు ఓడాయి. కానీ 2009 నవంబరు 25న సుప్రీంకోర్టు తీర్పు తిరగబడింది. ఈ ఛార్జీలు ఖాతా సేవకు బ్యాంకు తీసుకునే ధరలో భాగమని, సేవకు ధర ఎక్కువా తక్కువా అన్న పరీక్ష ఒప్పందాల్లో అన్యాయపు షరతులను ఆపే అక్కడి నిబంధనల కింద చేయడానికి లేదని ఐదుగురు న్యాయమూర్తులు తేల్చారు. ఛార్జీలు న్యాయమైనవే అని వాళ్లు అనలేదు. ఆ దారిలో వాటిని ప్రశ్నించడం కుదరదన్నారు. ఆగి ఉన్న కేసుల్లో ఆ వాదన మీద నిలబడ్డవన్నీ దాదాపు కూలిపోయాయి. ఆ తర్వాత మిగిలిన గట్టి దారి ఏమిటంటే, నేను ఆర్థిక ఇబ్బందిలో ఉన్నానని తెలిసీ బ్యాంకు నా మీద ఛార్జీ మీద ఛార్జీ వేసిందని ఒక్కో మనిషి తన పరిస్థితి చూపించి అడగడం. దానికి ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, దగ్గరికి ఫీజు లేకుండా వెళ్లొచ్చు.

పద్ధతి మారడానికి ఇంకో పదేళ్లు పట్టింది. నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2020 ఏప్రిల్ 6 నుంచి ఓవర్‌డ్రాఫ్ట్ మీద రోజువారీ, నెలవారీ స్థిర రుసుములు తీసేసి, ఏడాది వడ్డీ రూపంలోనే తీసుకోవాలంది. అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్ట్‌కు ఎక్కువ రేటు వేయడం కూడా ఆపేసింది. వాళ్ల పరిశీలనలో తేలిన ఒక అంకె నన్ను కదిలించింది. అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్ట్ రుసుముల్లో సగానికి పైగా కేవలం 1.5 శాతం ఖాతాదారుల నుంచి వచ్చాయట. లేనివాడి దగ్గరే మళ్లీ మళ్లీ కోశారన్నమాట. అయితే మార్పు తర్వాత చాలా బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీని 40 శాతం దగ్గరికి తీసుకెళ్లాయి. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఎవరైనా ఉంటే ఈ సంగతి చెప్పండి.

ఈ కథ ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే మన దగ్గరా అదే గోడ ఉంది. రిజర్వు బ్యాంకు 2021 నవంబరు 12న తెచ్చిన సమీకృత అంబుడ్స్‌మన్ పథకంలో, బ్యాంకు వ్యాపార నిర్ణయాల మీద ఫిర్యాదులు తీసుకోరు. మినిమం బ్యాలెన్స్ ఎంత ఉండాలన్నది బ్యాంకుల ఇష్టమేనని 2025 ఆగస్టులో రిజర్వు బ్యాంకు గవర్నరే అన్నారు. కాబట్టి "500 చాలా ఎక్కువండీ, పేదవాణ్ణి" అని రాస్తే ఆ కాగితం అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. అదే "నాకు నెల ముందు నోటీసు ఇవ్వలేదు", "మీ వెబ్‌సైట్‌లో ఉన్న ఛార్జీల పట్టికకూ నా దగ్గర కోసినదానికీ తేడా ఉంది", "నా జీతం ఖాతాను మార్చినట్టు చెప్పలేదు" అని రాస్తే అది సేవా లోపం. దానికి వాళ్లు జవాబు చెప్పి తీరాలి. ధర మీద పోట్లాడకండి. వాళ్లు చేయాల్సి ఉండీ చేయని పని ఏదో దాన్ని పట్టుకోండి.

ఫిర్యాదు బ్యాంకుకే మొదట రాయాలి. నోటిమాటగా కాదు, కాగితం మీద లేదా ఈమెయిల్‌లో. తెలుగులో రాయడానికి మొహమాటం వద్దు. నేను రాయించే ఉత్తరం సుమారుగా ఇలా ఉంటుంది: "నా ఖాతాలో ఫలానా తేదీల్లో మినిమం బ్యాలెన్స్ ఛార్జీ పేరుతో ఇంత, దానిపై జీఎస్‌టీ ఇంత తీసుకున్నారు. ఛార్జీకి నెల ముందు నాకు నోటీసు పంపిన తేదీ, ఏ నంబరుకు లేదా చిరునామాకు పంపారో తెలియజేయండి. నోటీసు లేకపోతే మొత్తం జీఎస్‌టీతో సహా నా ఖాతాలో తిరిగి జమ చేయండి." అంతే. కోపం, శాపనార్థాలు వద్దు. ఫిర్యాదు నంబరు తీసుకోండి, చేత్తో ఇస్తే నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఆ తేదీ నుంచి 30 రోజుల గడువు మొదలవుతుంది.

చాలాసార్లు ఈ ఉత్తరం అందగానే మేనేజరు గారు ఫోన్ చేసి, "ఈసారికి రివర్స్ చేస్తాం" అంటారు. తీసుకోండి, తప్పేం లేదు. అయితే అన్ని నెలలవీ ఇస్తున్నారా, ఒక నెలదే ఇచ్చి సర్దేస్తున్నారా చూసుకోండి. మళ్లీ వచ్చే నెల నుంచి పడకుండా ఖాతా రకం మార్చమని ఆ రోజే దరఖాస్తు ఇవ్వండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. దానికీ గడువు ఉంటుంది కాబట్టి జవాబు వచ్చాక ఆలస్యం చేయకుండా వెళ్లాలి. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో వేయొచ్చు, లేదా చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. గ్రామీణ బ్యాంకులు కూడా ఈ పథకం కిందికే వస్తాయి. బ్యాంకుకు రాయకుండా నేరుగా వెళ్తే మాత్రం తిప్పి పంపుతారు. అలా తిరిగొచ్చిన ఫిర్యాదులు చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే వాటిలో చాలావాటికి దమ్ముంది.

ఈఎంఐ బౌన్స్ సంగతి వేరు. వాయిదా తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే మీ బ్యాంకు ఒక ఛార్జీ, అప్పు ఇచ్చిన సంస్థ ఇంకో ఛార్జీ వేస్తాయి. మీ బ్యాంకు 500 వేసిందంటే జీఎస్‌టీతో 590. నిజంగా డబ్బు లేకపోతే ఇది వెనక్కి రావడం కష్టం, నమ్మకం కలిగించి మిమ్మల్ని తిప్పలేను. కానీ చెప్పిన తేదీ కంటే ముందే వసూలుకు పంపినా, అప్పు తీరిపోయాక కూడా పంపినా, ఖాతాలో డబ్బు ఉండగానే తిప్పికొట్టినా ఆ తేదీలు చూపించి అడగండి. వాయిదా చెల్లించలేని పరిస్థితి వస్తే మాత్రం ముందే అప్పిచ్చినవాళ్లకు చెప్పండి. ఎలక్ట్రానిక్ చెల్లింపు బౌన్స్ అయినా చెక్కు బౌన్స్ లాగే కేసు పెట్టే వీలు 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టంలో ఉంది.

వ్యాపారస్తులు, ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి ఉన్నవాళ్లు ఒక విషయం గమనించండి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం అప్పు షరతు తప్పినందుకు వేసేది పీనల్ ఛార్జీగానే, అంటే విడిగా జరిమానాగానే ఉండాలి, వడ్డీ రేటులో కలపకూడదు, ఆ ఛార్జీ మీద మళ్లీ వడ్డీ కట్టకూడదు. మీ స్టేట్‌మెంట్‌లో పీనల్ ఇంటరెస్ట్ అని ఇంకా కనిపిస్తుంటే అది అడగదగ్గ ప్రశ్న.

మామూలు సంసారులకు నేనిచ్చే సలహా, జీరో బ్యాలెన్స్ ఖాతా. ప్రాథమిక సేవింగ్స్ ఖాతా ప్రతి బ్యాంకులోనూ ఉండాలి, అడిగితే ఇవ్వాలి. నెలకు నాలుగు విత్‌డ్రాయల్స్, ఏటీఎం కార్డు ఉచితం. జన్‌ధన్ ఖాతా అయితే అర్హత ఉన్నవాళ్లకు 10,000 దాకా ఓవర్‌డ్రాఫ్ట్ కూడా ఉంది. 2017-18లో ఎస్‌బీఐ ఒక్కటే మినిమం బ్యాలెన్స్ ఛార్జీల కింద దాదాపు 2,434 కోట్ల రూపాయలు వసూలు చేసింది. పార్లమెంటులో, పత్రికల్లో గట్టిగా అడిగాక 2020 మార్చిలో సేవింగ్స్ ఖాతాలకు ఆ షరతే ఎత్తేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు కూడా అదే పని చేశాయి. కాబట్టి ఛార్జీలు వేస్తూ పోయే బ్యాంకుతో అంటిపెట్టుకుని ఉండాల్సిన అవసరం మీకు లేదు.

అంబుడ్స్‌మన్ దగ్గర న్యాయం జరగలేదనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కేసులకు అక్కడా ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. ఐదారు వందల కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను. ఒకే ఖాతాలో ఏళ్ల తరబడి కోసిన మొత్తం వేలల్లో ఉంటే తప్పకుండా వెళ్లమంటాను.

ఇక ప్రశ్నలు అడగండి. స్టేట్‌మెంట్లు తెచ్చినవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి, ఛార్జీ పడిన తేదీల కింద గీత గీసి, ఉత్తరం ఇక్కడే రాద్దాం.