మనసులో చూసుకున్నదానికి మార్కులుండవు

విదేశాల్లో నర్సుగా పనిచేయడానికి సిద్ధమవుతున్న అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికొచ్చినవాళ్ళు కొందరున్నారని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. కునుకు పడితే మొహమాటపడకండి, నేనేమీ అనుకోను.

నేను తప్పిన పరీక్షతోనే మొదలుపెడతాను. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే కంప్యూటర్ పరీక్ష ఒకటి, ఓస్కీ అనే ప్రాక్టికల్ ఒకటి పాసవ్వాలి. ఓస్కీలో పది స్టేషన్లు. వాటిలో ఒకదానిలో నా పని మాత్రలు ఇవ్వడం. మంచం మీద రోగిగా నటించే మనిషి, పక్కన మందుల చార్టు, మూలన కాగితం పట్టుకుని ఎగ్జామినర్. పదకొండేళ్ళుగా రోజూ చేస్తున్న పనే కదా అని ధీమాగా వెళ్ళాను. చార్టు చూసి, పేరు చదివి, “మీరే కదండీ?” అన్నాను. ఆయన తలూపాడు. ఎలర్జీల గడి మీద కళ్ళు పరిగెత్తించాను, ఏమీ లేదు. మాత్ర తీసి, నీళ్ళిచ్చి, మింగించి, సంతకం పెట్టి బయటికొచ్చాను. ఆ స్టేషన్ ఫెయిల్.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత వాళ్ళు పంపిన కాగితం తీరిగ్గా చదివాను. మత్తులో ఉన్న మనిషి, చెవి సరిగా వినపడని మనిషి మనం ఏ పేరు చెప్పినా తలూపుతాడు. అందుకే పేరు మనం అందించకూడదు, ఆయన చేతే చెప్పించాలి. పుట్టిన తేదీ కూడా చెప్పించి, రెండింటినీ చేతి పట్టీతోనూ చార్టుతోనూ సరిచూసుకోవాలి. ఎలర్జీ సంగతంటారా, నేను చూశాను, నిజమే. చూసినట్టు మూలన కూర్చున్నావిడకి ఎలా తెలుస్తుంది? “మీకు ఏ మందైనా పడదా?” అని రోగిని నోరు తెరిచి అడగలేదు. నా చేతులకి పని వచ్చు. నోటికి రాలేదు.

ఈ దారిలో ఉన్న ప్రతి నర్సుకీ ఒక కోపం ఉంటుంది. ఇన్నేళ్ళు ఐసీయూలో చేశాను, నా జూనియర్లకి నేర్పాను, మళ్ళీ నాకు పరీక్షేమిటి అని. నాకూ ఉండేది. రిజిస్టర్ అనేది అసలెందుకు పుట్టిందో తెలిశాక కొంత తగ్గింది. నర్సుల నమోదుకి దేశం మొత్తానికీ విడిగా మొదట చట్టం చేసింది న్యూజిలాండ్, 1901లో. 1902 జనవరి 10న ఎలెన్ డాహర్టీ పేరు అందులో మొదటిదిగా ఎక్కింది. బ్రిటన్‌లో అలాంటి చట్టం రావడానికి 1919 దాకా పట్టింది. అంతకు ముందు ఎవరు నర్సునని చెప్పుకున్నా ఆపేవాళ్ళు లేరు. రిజిస్టర్ మన గౌరవం కోసం పెట్టింది కాదు, మంచం మీదున్న మనిషి కోసం పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఎనిమిది మంది నర్సుల్లో ఒకరు తాము పుట్టిన లేదా చదివిన దేశంలో కాక వేరే దేశంలో పనిచేస్తున్నారు. ఎక్కడో చదివిన, తామెప్పుడూ చూడని మనిషిని రాత్రి రెండింటికి రోగి దగ్గర ఒంటరిగా వదలొచ్చా అన్నది పరీక్ష పెట్టే దేశంవాళ్ళ ప్రశ్న. అలా చూస్తే అది అవమానంగా అనిపించదు. విసుగు మాత్రం ఉంటుంది, అది వేరే విషయం.

ఇక కాగితాలు. నిజానికి పరీక్షల కన్నా ఎక్కువ నెలలు పోయేది ఇక్కడే. చాలా దేశాల్లో మీ మార్కుల పత్రాలు మీ చేతి మీదుగా వెళ్తే చెల్లవు, కాలేజీ నుంచి తనిఖీ సంస్థకి నేరుగా వెళ్ళాలి. అంటే మీ భవిష్యత్తు కొన్నాళ్ళపాటు ఎక్కడో ఒక ఆఫీసు బల్ల మీద, ఒక గుమాస్తా గారి దయ మీద ఉంటుంది. ఏ సబ్జెక్టులో ఎన్ని గంటలు తరగతి, ఎన్ని గంటలు వార్డు అని విడివిడిగా అడుగుతారు. పిల్లల వార్డులో, మానసిక వైద్యంలో గంటలు తక్కువ పడి ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు. పేరు దగ్గర మరీ జాగ్రత్త. సర్టిఫికెట్ మీద పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పెళ్ళయ్యాక ఇంకో పేరు ఉంటే వాళ్ళ లెక్కలో మీరు ముగ్గురు మనుషులు. ముందు ఆ ముగ్గురినీ ఒక్కరిని చేసుకోండి.

ఇంగ్లిష్ పరీక్ష మాత్రం అన్నిటికన్నా ముందు రాసేయాలని ఆత్రపడకండి. అందరూ రాసే ఐఈఎల్‌టీఎస్ అయినా, వైద్యరంగంవాళ్ళ కోసమే పెట్టిన ఓఈటీ అయినా ఆ మార్కులు సాధారణంగా రెండేళ్ళే చెల్లుతాయి. కాగితాలు కదిలాయని తెలిశాక రాయండి. నన్నడిగితే నర్సుకి ఓఈటీయే దగ్గరి చుట్టం. ఒక రోగి కేసు నోట్సు ఇచ్చి, చదవడానికి ఐదు నిమిషాలు, ఉత్తరం రాయడానికి నలభై నిమిషాలు ఇస్తారు. ఉత్తరం 180 నుంచి 200 మాటలు ఉండాలి. అందులో పరీక్ష అంతా ఏది రాయాలన్నది కాదు, ఏది వదిలేయాలన్నది. పుండుకి డ్రెస్సింగ్ మార్చడానికి ఇంటికొచ్చే నర్సుకి రాస్తూ, ఆయనకి చిన్నప్పుడు టాన్సిల్స్ తీశారని రాస్తే అది ఆవిడకెందుకు? ఆయనకి షుగరుందని రాయకపోతే మాత్రం నష్టం.

షుగరంటే గుర్తొచ్చింది. కొత్త దేశంలో మొదటి వారం చార్టులో గ్లూకోజ్ 7 అని చూసి, షుగర్ పడిపోయిందనుకుని డెక్స్‌ట్రోజ్ సెలైన్ కోసం పరుగెత్తబోయాను. అక్కడ లెక్క మిల్లీమోల్స్‌లో. 7 అంటే మనం మిల్లీగ్రాముల్లో చదువుకున్న 126. పద్దెనిమిదితో గుణించుకోవాలి. మందులూ అంతే. ఒకచోట పారాసిటమాల్ అన్నది అమెరికాలో ఎసిటమినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్. పరీక్షకి ముందే చిన్న పుస్తకంలో జతలు జతలుగా రాసి పెట్టుకోండి.

అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ అనే కంప్యూటర్ పరీక్ష గురించి ఇక్కడ సగం మంది అడిగారు. అమెరికాలో లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం బోర్డే అయినా పరీక్ష అందరికీ ఒకటే. కెనడాలో చాలా చోట్ల 2015 నుంచి అదే. ఆస్ట్రేలియా కూడా బయట చదివిన నర్సుల్లో చాలామందికి ముందు ఎన్‌క్లెక్స్, తర్వాత ఓస్కీ పెడుతోంది. ఎన్‌క్లెక్స్‌కి గరిష్ఠంగా ఐదు గంటలు, 85 నుంచి 150 దాకా ప్రశ్నలు. మీరు సరిగ్గా రాసేకొద్దీ కంప్యూటర్ ఇంకా కష్టమైన ప్రశ్న తీస్తుంది. మీరు పాస్ గీతకి పైనున్నారో కిందున్నారో దానికి 95 శాతం నమ్మకం కుదిరితే ఆపేస్తుంది. అందుకని 85 దగ్గర ఆగిపోయిందని ఏడుస్తూ బయటికి రాకండి, సంబరపడుతూనూ రాకండి. ఆగడాన్ని బట్టి ఏమీ తెలియదు.

అది అడిగే తీరు చూడండి. నలుగురు రోగులు. ఒకరికి ఆపరేషనైన రెండో రోజు, నొప్పి పదికి ఏడు. ఒకరు డిశ్చార్జి కాగితాల కోసం గొడవ చేస్తున్నారు. ఒకరి బీపీ ఎప్పటిలాగే 160. నాలుగో ఆయన న్యుమోనియాతో చేరాడు, పొద్దున బాగానే మాట్లాడాడు, ఇప్పుడు ఊరికే దుప్పటి లాగుతూ ఎక్కడున్నానని అడుగుతున్నాడు. ముందు ఎవరి దగ్గరికెళ్తారు? వార్డులో గట్టిగా అరిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళడం మనకి అలవాటు. వెళ్ళాల్సింది నాలుగో ఆయన దగ్గరికి. ఆక్సిజన్ తగ్గిన మెదడు గొడవ చేయదు, తికమకపడుతుంది.

ఇంకో అలవాటు, “డాక్టర్‌గారికి చెప్తాను” అన్న జవాబు. చాలా ప్రశ్నల్లో అది ఉచ్చు. ఏం చెప్తారు? ఊపిరి నిమిషానికెన్నిసార్లో పూర్తి నిమిషం లెక్కపెట్టారా? ఆక్సిజన్ చూశారా? తల ఎత్తి పెట్టారా? చూశాక చెప్పాలి, చెప్పడానికి ఎస్‌బార్ అని ఒక వరస ఉంది: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. మొదటి రెండూ అందరూ గడగడా చెప్తారు. మూడోదాని దగ్గర గొంతు తగ్గుతుంది, నాలుగోదాని దగ్గర ఎండిపోతుంది. “మీరు ఇప్పుడే వచ్చి చూడాలి” అని డాక్టర్‌తో అనడం చాలామంది నర్సులకి ఎవరూ నేర్పలేదు. అనకూడదనే నేర్పారు. ఈ పరీక్షలు ఏ దేశానివైనా కొలిచేది చాలావరకు దాన్నే.

ఏజెంట్ల గురించి ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకండి. రిజిస్ట్రేషన్ ఫీజు వీలైనంతవరకు మీ పేరుతో మీరే కట్టండి, అప్పుడు లాగిన్ మీ చేతిలో ఉంటుంది. బాండు కాగితం మీద సంతకం పెట్టే ముందు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అంకె చూసుకోండి. అంకె రాయకుండా ఖాళీ వదిలితే పెన్ను కింద పెట్టేయండి.

ప్రశ్నలు టీ తర్వాత. ఇప్పుడు ఇద్దరు ముందుకి రండి. మీరు ఆ కుర్చీలో కూర్చోండి, మీరే పేషెంటు. మీరు ఈ చార్టు, మాత్రల డబ్బా తీసుకోండి. మిగతావాళ్ళంతా ఎగ్జామినర్లు, వినపడింది మాత్రమే రాసుకోండి. సరే సిస్టర్, తలుపు తీసుకుని లోపలికొచ్చారు. మొదటి మాట ఏమంటారు?