ముందు బ్రేకు: టీ తాగొస్తే వదిలేస్తుంది

వ్యాఖ్యాత: నమస్కారం. శ్రీకాకుళం స్టూడియోలో ఈ రోజు బైకు ముందు డిస్క్ బ్రేకు గురించి మాట్లాడదాం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షెడ్డున్న మెకానిక్ గారు, ఐటీఐలో పాఠాలు చెప్పే మాస్టారు మనతో ఉన్నారు. ఫోన్లో ఒకాయన ఉన్నారు. చెప్పండి.

ఫోన్లో: నమస్కారమండి. ఆమదాలవలస నుంచి రోజూ టౌనుకొస్తాను. బయల్దేరినప్పుడు బాగానే ఉంటాది. ఊళ్ళోకొచ్చేసరికి ముందు చక్రం పట్టేస్తాది. ఆపి టీ తాగొస్తే వదిలేస్తాది. రెండుసార్లు ప్యాడ్లు మార్పించానండి.

మెకానిక్: రెండుసార్లా! ప్యాడ్లమ్మినోడు బాగుపడ్డాడు. (నవ్వులు)

మాస్టారు: చల్లగా ఉంటే వదులు, వేడెక్కితే బిగుతు. సగం జబ్బు అక్కడే తెలుస్తోంది. లివర్ వదిలాక బ్రేకు ఆయిలు హ్యాండిల్ మీది డబ్బాలోకి వెనక్కి పోవాలి. అందుకు మాస్టర్ సిలిండర్‌లో, అంటే లివర్ నొక్కితే ఆయిలుని తోసే భాగంలో, సన్నటి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే, వేడికి ఉబ్బిన ఆయిలుకు దారి లేక, ప్యాడ్లతో డిస్క్‌ని పట్టే క్యాలిపర్‌లోని పిస్టన్‌ని తోస్తుంది. మీరు బ్రేకు వెయ్యకపోయినా పడుతూనే ఉంటుంది, ఆ రాపిడికి ఇంకా వేడెక్కుతుంది.

మెకానిక్: నానైతే ముందు క్యాలిపర్నే అనుమానిస్తానండి. కళింగపట్నం, బారువ వైపు బళ్ళు సూడండి, ఉప్పు గాలికి, క్యాలిపర్ జరగడానికుండే స్లైడ్ పిన్నులు తుప్పట్టి బిగిసిపోతాయి.

మాస్టారు: అప్పుడు చల్లారినా పట్టుకునే ఉండాలి కదా, చాలావరకు.

మెకానిక్: వాదనెందుకు, పరీక్షుంది. పట్టేసినప్పుడే, చల్లారకముందే, చక్రం లేపి, క్యాలిపర్ మీద గాలి తీసే బ్లీడ్ నిప్పుల్ కాస్త వదులు చెయ్యాలి. ఆయిలు చిమ్మి చక్రం తిరిగిందంటే తప్పు పైన. తిరగలేదంటే పిస్టనో పిన్నులో బిగిసినట్టే.

మాస్టారు: పైన అంటే హోస్, అదే ఆయిలు వెళ్ళే రబ్బరు పైపు, కూడా కావచ్చు. పాత రబ్బరు లోపల ఉబ్బితే ఆయిలు వెనక్కి రాదు. మరోసారి పట్టేసినప్పుడు మాస్టర్ సిలిండర్‌కి హోస్‌ని బిగించే బాంజో బోల్టు వదులు చెయ్యాలి. అక్కడే చక్రం వదిలితే సిలిండరు, కింద నిప్పుల్ విప్పితేనే వదిలితే హోస్. నిప్పుల్‌కి పైపు తగిలించండి, కళ్ళు జాగ్రత్త. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. ఆ తర్వాత బ్రేకు లైన్లో గాలి తీయకుండా బండి తియ్యకూడదు.

మెకానిక్: అవునుగాని బావూ, బండెప్పుడైనా పడిందేటి?

ఫోన్లో: సంక్రాంతికి పడిందండి. లివర్ విరిగితే వేరేది వేయించాను. కంపెనీది దొరకలేదు.

మెకానిక్: అదీ సంగతి! లివర్ కొస పట్టుకుని ఆడించండి. కాస్త ఖాళీ ఉందా?

ఫోన్లో: లేదండి. ముట్టుకుంటేనే గట్టిగా తగుల్తాది.

మాస్టారు: అయితే కొత్త లివర్ సిలిండర్ పిస్టన్‌ని ఎప్పుడూ రవ్వంత నొక్కి ఉంచుతోంది. ఆ రంధ్రం తెరుచుకోవడం లేదు. ఆకురాయితో అరగదీయించకండి, మీ బండికి సరిపడేదే వేయించండి.

మెకానిక్: కొత్త ప్యాడ్లేసినప్పుడు డబ్బాలో ఆయిలు పై గీత దాటిపోయిందేమో, అదీ సూడాలి.

వ్యాఖ్యాత: లివర్ మెత్తగా దిగిపోతుంటే?

మాస్టారు: లైన్లో గాలి. లేదా తేమ పీల్చిన పాత ఆయిలు. డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక 155 దాకా దిగొచ్చు. సుంకి ఘాటు దిగి సాలూరు వచ్చేవాళ్ళకి ఆ తేడా చేతికే తెలుస్తుంది. నేనైతే రెండేళ్ళకోసారి మార్చమంటాను.

వ్యాఖ్యాత: బ్రేకు పట్టినప్పుడు లివర్ కొట్టుకుంటే?

మెకానిక్: డిస్క్ వంకర. చక్రం బిగిసిపోకుండా సూసే ఏబీఎస్ ఉన్న బండి గట్టిగా పట్టినప్పుడు కొట్టుకోడం వేరు, దానికి కంగారక్కర్లేదు. ఇంకోటి, కీచుమంటోందని డిస్క్ మీద నూనె చుక్కేసేవోళ్ళున్నారు. ఏటి సెప్తాం!

ఫోన్లో: మరిప్పుడు ఇంటికెళ్ళిపోవచ్చాండి?

మాస్టారు: వద్దు. నడుస్తుండగా పట్టేస్తే పడిపోతారు.

మెకానిక్: షెడ్డుకి తోసుకొచ్చీండి. డిస్క్ మీద మాత్రం సెయ్యెట్టకండి, కాలిపోతాది.