జానెడు దూరం

(వేసవి అథ్లెటిక్స్ శిక్షణ శిబిరం చివరి రోజు సాయంత్రం ఇచ్చిన ప్రసంగం)

తోటి పీఈటీలకు, తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలూ, ఈ పొద్దున లాంగ్ జంప్ పిట్‌లో ఇసుక చదును చేసి రెండు గీతలు గీశాను. "అవేంటి సార్?" అని చాలామంది అడిగారు. సాయంత్రం చెబుతానన్నాను కదా, ఇప్పుడు వినండి.

మొదటి గీత టేక్-ఆఫ్ బోర్డు, అంటే దూకేముందు కాలు మోపే పలక, నుంచి 6.85 మీటర్ల దగ్గర ఉంది. రెండోది 7.07 దగ్గర. మధ్యలో 22 సెంటీమీటర్లు. ఒకసారి మీ అరచెయ్యి బాగా చాపండి. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎంతుందో చూడండి. జానెడు. పెద్దవాళ్ల చేతికైతే రెండు గీతల మధ్య దూరం దాదాపు అంతే.

మొదటి గీత ఫెర్డినాండ్ బీ అనే నార్వే జంపర్‌ది. రెండోది అమెరికా నుంచి వచ్చిన జిమ్ థోర్ప్‌ది. ఇద్దరూ ఆ దూకులు దూకింది 1912 జులై 7న, స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ పెంటాథ్లాన్‌లో. థోర్ప్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. బీ పేరు విన్నవాళ్లు తక్కువ. నేను చెప్పాలనుకున్నది బీ గురించే.

నార్వే అప్పటికి చాలా కొత్త దేశం. 1905 దాకా స్వీడన్ రాజు కిందే ఉండి, ఆ ఏడే విడివడింది. అయినా జంపుల్లో అప్పటికే పేరుంది. 1908 లండన్ ఒలింపిక్స్ ట్రిపుల్ జంప్‌లో ఎడ్వర్డ్ లార్సెన్ 14.39 మీటర్లు దూకి కాంస్యం తెచ్చాడు. బీ ట్రాండ్‌హైమ్‌లో 1888లో పుట్టాడు. స్వదేశంలో లాంగ్ జంప్‌లోనూ, 110 మీటర్ల హర్డిల్స్‌లోనూ ఛాంపియన్. విడివడిన ఏడేళ్లకు, అదే స్వీడన్ రాజధానిలో, 24 ఏళ్ల వయసులో పోటీకి దిగాడు. ఆ కుర్రాడి మీద ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

ఆనాటి పెంటాథ్లాన్ అంటే లాంగ్ జంప్, జావెలిన్, 200 మీటర్లు, డిస్కస్, 1500 మీటర్లు. ఐదూ ఒక్కరోజే. మొదట వచ్చినవాడికి ఒక పాయింటు, రెండో వాడికి రెండు, ఇలా లెక్క. ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు. థోర్ప్ నాలుగింటిలో మొదటి స్థానం, జావెలిన్‌లో మూడో స్థానం, మొత్తం 7 పాయింట్లు. రెండో స్థానంలో వచ్చిన బీకి 21. పొద్దున లాంగ్ జంప్‌లో తేడా జానెడే, సాయంత్రానికి బీ పాయింట్లు థోర్ప్‌కు మూడు రెట్లయ్యాయి. ఆ వారంలో బీ విడిగా లాంగ్ జంప్‌లో పదకొండో స్థానంలో వచ్చాడు. హర్డిల్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. పది పోటీలుండే డెకాథ్లాన్ మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయాడు. ఆ డెకాథ్లాన్ కూడా థోర్ప్‌దే.

ఆరు నెలలకు, 1913 జనవరిలో, థోర్ప్ గురించి ఒక పత్రికలో వార్త వచ్చింది. 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో చిన్న బేస్‌బాల్ జట్లకు డబ్బు తీసుకుని ఆడాడని. డబ్బుకు ఆడినవాడు ఒలింపిక్స్‌కు పనికిరాడన్నది ఆనాటి నియమం. కాలేజీ కుర్రాళ్లు చాలామంది దొంగపేర్లతో ఆడేవాళ్లు. అమెరికా ఆదివాసీ బిడ్డ అయిన థోర్ప్ తన సొంత పేరుతోనే ఆడాడు. అందుకే దొరికిపోయాడు. అభ్యంతరాలేమైనా ఉంటే 30 రోజుల్లోపు చెప్పాలని స్టాక్‌హోమ్ నిబంధనల్లోనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రెండు పతకాలూ వెనక్కి తీసేసుకున్నారు. పెంటాథ్లాన్ విజేతగా బీ పేరు రాశారు.

బీ ఆ బంగారాన్ని తనదిగా ఒప్పుకోలేదనే చెబుతారు. డెకాథ్లాన్‌లో రెండో స్థానంలో వచ్చిన స్వీడన్ ఆటగాడు హ్యూగో వీస్లాండర్ కూడా అంతే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు పదహారేళ్లప్పుడు ఒక మీట్‌లో లాంగ్ జంప్‌లో సెకండ్ వచ్చాను. ఫస్ట్ వచ్చిన కుర్రాడు నాకంటే మూరెడు ఎక్కువ దూకాడు. మూడు వారాల తర్వాత, అతని కాగితాల్లో ఏదో తేడా ఉందని పేరు కొట్టేసి, ఫస్ట్ సర్టిఫికెట్ నాకు పంపారు. మా అమ్మ పాయసం చేసింది. నేను తిన్నాను. ఆ కుర్రాడిది మా పక్క ఊరే. బస్టాండులో కనబడితే నేనే తల తిప్పుకునేవాణ్ణి. అతని పాదాలు ఇసుకలో ఎక్కడ దిగాయో పిట్ పక్కనే నిలబడి చూసినవాణ్ణి నేను. బీ కథ చదివినప్పుడల్లా ఆ బస్టాండే గుర్తుకొస్తుంది.

పతకం చేతులు మారడం ఎప్పుడూ అన్యాయమే అనడం లేదు. మన అంజూ బాబీ జార్జ్‌కు 2005 మొనాకో వరల్డ్ అథ్లెటిక్స్ ఫైనల్‌లో వచ్చింది రజతం. పై స్థానంలో ఉన్న రష్యా జంపర్ తత్యానా కోతోవా డోపింగ్‌లో పట్టుబడ్డాక, ఏళ్ల తర్వాత అది స్వర్ణమైంది. అది అంజూకు న్యాయంగా రావలసిందే. అక్కడ ఆ దూకులోనే మోసం ఉంది. థోర్ప్ దూకులో ఏ మోసమూ లేదు. బేస్‌బాల్ ఆడి నాలుగు డాలర్లు సంపాదించుకుంటే ఇసుకలో జానెడు ఎక్కువ పడదు.

థోర్ప్ 1953లో పోయాడు, బీ 1961లో. 1952 నుంచి 1972 దాకా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడిగా ఉన్న ఏవరీ బ్రండేజ్, స్టాక్‌హోమ్‌లో వీళ్లతో పాటు ఆ పెంటాథ్లాన్ ఆడినవాడే. ఆయన హయాంలోనూ ఏమీ కదల్లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1982లో థోర్ప్‌ను సహవిజేతగా గుర్తించారు, అంటే బీతో కలిపి ఇద్దరు ఛాంపియన్లు. ఆ మరుసటి ఏడు థోర్ప్ పిల్లల చేతికి పతకాల నమూనాలు ఇచ్చారు. థోర్ప్‌ను ఏకైక విజేతగా ప్రకటించింది మాత్రం 2022 జులై 15న. అంతకుముందు నార్వే క్రీడా సమాఖ్యను కూడా సంప్రదించారు. తమ దేశం పేరున ఉన్న ఒలింపిక్ బంగారాన్ని వదులుకోవడానికి నార్వే ఒప్పుకుంది. ఇప్పుడు ఫలితాల పట్టికలో బీ పేరు పక్కన రజతం ఉంది, 1912లో ఆ సాయంత్రం ఉన్నట్టే.

ఇంకో అరగంటలో చీకటి పడుతుంది. టేపు నా దగ్గరే ఉంది. స్పైక్స్ వేసుకుని పిట్ దగ్గరకు రండి. ముందు బీ గీత దాకా వెళ్లగలరేమో చూద్దాం. ఒకరు దూకాక, తర్వాత దూకబోయేవాళ్లు టేపు పట్టుకుని ఆ కొలత అందరికీ వినపడేలా చదవాలి.