ఏడు పొరల పూస ఇచ్చే సాక్ష్యం

అందరికీ నమస్కారం.

1539 మే నెలలో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ దళపతి ఆరు వందల మందికి పైగా మనుషులతో, గుర్రాలతో, పందుల మందతో ఫ్లోరిడా తీరంలో దిగాడు. బంగారం కోసం అమెరికా ఆగ్నేయ ప్రాంతమంతా తిరిగి 1542లో మిసిసిపి నది దగ్గర చనిపోయాడు. దండులో ఉన్నవాళ్లు రాసిపెట్టిన కథనాల్లో ఊళ్ల పేర్లున్నాయి. ఆ ఊళ్లు ఇప్పటి మ్యాప్‌లో ఎక్కడున్నాయో తేల్చడమే కష్టం. అక్కడ, స్పెయిన్ వాళ్లు స్థానికులకు బహుమతులుగా ఇచ్చిన గాజు పూసలు అక్కరకొస్తాయి.

షెవ్రాన్ పూసనే చూడండి. బయట ముదురు నీలం, లోపల తెలుపు, ఎరుపు, లేతాకుపచ్చ పొరలు, మొత్తం ఏడు. వెనిస్ పనివాళ్లు గాజు ముద్దను గాళ్లున్న అచ్చులో నొక్కి, పొర మీద పొర వేసి, పొడవాటి కడ్డీలా సాగదీసి ముక్కలు కోసేవారు. చివర్లు సానపడితే లోపలి నక్షత్రం బయటపడుతుంది. తర్వాతి కాలంలో పొరలు తగ్గాయి, సానపట్టడమూ పోయింది. కాబట్టి ఏడు పొరలుండి, చివర్లు సానపట్టి ఉన్న పూస దొరికిందంటే, అది పదహారో శతాబ్దపు సరుకని దాదాపు చెప్పేయొచ్చు. పలకలుగా ఉండే పొడవాటి నీలం పూసలు, అంటే నుయెవా కాడిజ్ రకం, కూడా ఆ కాలానివే.

అయితే పూస ఒక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం. అది చేతులు మారుతూ స్పెయిన్ మనిషి కాలు పెట్టని ఊరికీ చేరగలదు. పైగా 1528లో నార్వాయెజ్ అనే మరో స్పెయిన్ దళపతి దండు కూడా ఫ్లోరిడాలో ఆ ప్రాంతంలోనే దిగింది. పదకొండేళ్ల తేడాను పూస రకం చూసి పట్టుకోలేం. 1987లో ఫ్లోరిడా రాజధాని టలహాసీలో బయటపడ్డ చోటు డి సోటోదేనని అందరూ ఒప్పుకున్నారంటే, కారణం పూస ఒక్కటే కాదు: అక్కడ షెవ్రాన్ పూసతో పాటు నాణేలు, గొలుసు కవచం రింగులు, పంది దవడ ఎముక కూడా దొరికాయి. ఆ నేలకు పందులు అంతకుముందు లేవు. డి సోటో దండు మొదటి చలికాలం గడిపింది అక్కడే.

ఫ్లోరిడాలోని టాథమ్ దిబ్బ దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. అక్కడి సమాధుల్లో 150కి పైగా గాజు పూసలు దొరికాయి. అదే దిబ్బలో కొన్ని ఎముకల మీద లోహపు కత్తి వేట్లున్నాయి. డెబ్బై మంది దాకా ఒకేసారి పూడ్చిపెట్టినట్టున్న వరస కూడా ఉంది, అంటురోగం వల్లే కావచ్చని తవ్వినవారి అంచనా. పూసను బహుమతి అని రాసే ప్రతి చోటా ఈ ఎముకల గురించీ రాయాలి.