బడి అల్లరికి పోలీసు కేసా?

అందరికీ నమస్కారం. అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో ఉన్న ఫోర్ట్ మిల్ వైపు నుంచి చాలా కుటుంబాలు వచ్చాయి కాబట్టి ఆ రాష్ట్రం సంగతితోనే మొదలుపెడతాను.

బడిలో అలజడి చేయడం ఆ రాష్ట్రంలో 1919 నుంచి నేరం. ఆడపిల్లల కాలేజీ చుట్టూ తిరిగే పోకిరీలను కట్టడి చేయడానికి పుట్టిన చట్టం అది. చివరికి విద్యార్థుల మెడకే చుట్టుకుంది. వెగటు పుట్టించేలా ప్రవర్తించినా చాలు, 90 రోజుల వరకు జైలు లేదా వెయ్యి డాలర్ల వరకు జరిమానా ఉండేది. ఎవరికి వెగటు పుట్టాలి? ఎంత పుట్టాలి? అది చట్టంలో ఉండేది కాదు. బడిలో ఉన్న పోలీసు ఆ రోజు ఏమనుకుంటే అదే!

2015 అక్టోబరులో కొలంబియాలోని స్ప్రింగ్ వ్యాలీ హైస్కూల్లో ఏం జరిగిందో మీలో కొందరు వీడియోలో చూసే ఉంటారు. ఫోను దగ్గర మొదలైన పేచీ అది. పోలీసు అధికారి ఒక విద్యార్థినిని కూర్చున్న కుర్చీతో సహా వెనక్కి పడదోసి ఈడ్చాడు. ఇది అన్యాయమని గొంతెత్తిన మరో అమ్మాయినీ అరెస్టు చేశారు. తర్వాత ఇద్దరిపైనా కేసులు ఎత్తేశారు. నా దృష్టిలో ఆ రెండో అరెస్టే ఈ చట్టం అసలు రూపాన్ని బయటపెట్టింది.

2018లో శాసనసభ ఈ చట్టాన్ని సవరించి విద్యార్థులను మినహాయించింది. అయితే బహిరంగ ప్రదేశాల్లో అనుచిత ప్రవర్తనకు సంబంధించిన మరో చట్టం అలాగే ఉండిపోయింది. గట్టిగా గోల చేసినా, బడికో చర్చికో వినబడేంత దూరంలో బూతు మాట్లాడినా దాని ప్రకారం నేరమే. పదిహేనేళ్ల పిల్లలున్న బడిలో ఈ లెక్కన మధ్యాహ్న భోజన వేళకు ఎంతమంది మిగులుతారో మీరే ఊహించుకోండి. అందరూ దొరికిపోరు లెండి. నల్లజాతి పిల్లలపై ఫిర్యాదులు తెల్లజాతి పిల్లలకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వెళ్లాయి.

2023 ఫిబ్రవరిలో రెండు కరోలినాలూ పరిధిలో ఉన్న నాలుగో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, 2018కి ముందున్న మొదటి చట్టాన్నీ ఈ రెండో చట్టాన్నీ తప్పుపట్టింది. బడిపిల్లల విషయంలో ఏది నేరమో ఏది అల్లరో తేల్చుకునే కొలమానం వీటిలో లేదని, కాబట్టి రాజ్యాంగ విరుద్ధమని ఇద్దరు న్యాయమూర్తులు అన్నారు, ఒకరు విభేదించారు. పెద్దవాళ్లకు మాత్రం రెండో చట్టం యథాతథంగా వర్తిస్తుంది.

పక్కనే నార్త్ కరోలినాలో, షార్లెట్ వైపు ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకోవద్దు. ఆ తీర్పు సౌత్ కరోలినా చట్టాల గురించి. బోధనకు ఆటంకం కలిగించడం నార్త్ కరోలినా చట్టంలో ఇప్పటికీ నేరమే. స్కూలు నుంచి ఫోను వస్తే ముందుగా అడగవలసింది ఒక్కటే: ఇది స్కూలు క్రమశిక్షణ చర్యా, పోలీసు ఫిర్యాదా? రెండోదైతే, లాయరుతో మాట్లాడేదాకా ఏమీ చెప్పవద్దని పిల్లలకు ముందే నేర్పి ఉంచండి.